నిండిన బకెట్

"మోసం చేశాను మేడమ్, ఒప్పుకుంటాను. కానీ చంపలేదు."

ఏసీ మెకానిక్ ఈ మాట అనడం అప్పటికి మూడోసారి. లాకప్ ఊచలకు అటువైపు వాడు, ఇటువైపు నేను, నా వెనక బల్ల మీద వాడి అత్తగారు. పొద్దున్నే నా తలుపు బాది నిద్రలేపింది ఆవిడే. "మా అల్లుడు దొంగవెధవ. ఆ మాట ఊరంతా తిరిగి నేనే చెప్తాను. కానీ బొద్దింకను చంపాలన్నా నా కూతుర్ని కేకేస్తాడమ్మా! వాడు మనిషిని చంపడమేమిటి?" అంటూ నా డిటెక్టివ్ ఫీజు బల్ల మీద పెట్టేసింది. అబద్ధాలాడే క్లయింట్లను చూసి చూసి విసిగిపోయి ఉన్నానేమో, ఈ ముసలావిడ నాకు వెంటనే నచ్చింది.

పదకొండింటికి వాణ్ణి కోర్టులో హాజరు పెడతారు. హత్యానేరం మీద లోపలికి పంపారంటే మళ్ళీ ఎప్పుడు బయటపడతాడో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో భార్యకీ ఇద్దరు పిల్లలకీ వాడి పనిముట్ల సంచీ తప్ప వేరే ఆధారం లేదు. నా చేతిలో ఉన్నది రెండు మూడు గంటలు.

చనిపోయినావిడ రిటైరైన బడి హెడ్డు. అందరికీ హెడ్మాస్టరమ్మ. మేడ మీద ఒక్కతే ఉండేది. కింది వాటాలో తమ్ముడూ అతని భార్యా. నిన్న పొద్దున ఆరున్నరకు తమ్ముడు పైకి వెళ్ళి చూసేసరికి మంచం మీద ప్రాణం లేకుండా పడి ఉంది. ఎవరో ముఖం మీద దిండు పెట్టి అదిమేశారు.

"మొన్న సాయంత్రం ఆవిడతో గొడవెందుకు?" అన్నాను.

"బిల్లు దగ్గర మేడమ్. ఈ తేమకి కాయిల్ పుచ్చిపోయింది, గ్యాస్ నిలవట్లేదు. ఈ ఊళ్ళో ఏ ఇంటికెళ్ళినా అదే కథ. గోడలే చెమటలు పడుతుంటే రాగి గొట్టం ఎన్నాళ్ళుంటుంది?"

"అందుకని చిల్లు మూయకుండా గ్యాస్ మాత్రం నింపుతూ పోయావు."

వాడు తల దించుకున్నాడు. "మూసేస్తే మళ్ళీ పిలవరు కదా మేడమ్."

"సిగ్గులేని సన్నాసి!" అంది వెనకనుంచి అత్తగారు.

నాకూ ఒళ్ళు మండింది. మా ఇంట్లో ఏసీకి ఈ ఒక్క వేసవిలో నేను పోసిన డబ్బుతో కొత్తది సగం వచ్చి ఉండేది. దాన్ని రిపేరు చేసేవాడు కూడా ఈ జాతివాడే. అయినా ఇప్పుడు నేను వీడి పక్షం. కోపం మింగి, "సరే, ఆవిడేమంది?" అన్నాను.

"ఈ ఏడు నాకు పద్దెనిమిది వేలు ముట్టాయంటుంది. నేను తీసుకుంది ఏడే! ఒట్టు మేడమ్. పైగా ఆవిడ చేత్తో ఎప్పుడూ ఇవ్వలేదు, డబ్బులు కిందే ఇచ్చేవాళ్ళు. అదే చెప్పా. ఆ మాటకి ఆవిడ అరుపులు ఆపేసి నా ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా గేజ్ సెట్టు లాక్కుని, లెక్క తేలేదాకా ఇది నా దగ్గరే ఉంటుంది పో, అంది. బళ్ళో పిల్లాడి దగ్గర బొంగరం లాక్కున్నట్టు!"

గేజ్ అంటే గ్యాస్ ఒత్తిడి చూసే పరికరం. అది లేనిదే వీడికి పని లేదు. అందుకే నిన్న తెల్లవారుజామున ఐదింటికి బయటి మెట్ల మీదుగా ఆవిడ బాల్కనీ ఎక్కి, అక్కడ మూల పెట్టి ఉన్న గేజ్ తీసుకుని దిగాడు. దిగుతుండగా పాలవాడి కంటబడ్డాడు.

"గదిలోకి తొంగి చూశావా?"

"లేదు. అద్దాల తలుపుకి తెర వేసి ఉంది. ఔట్‌డోర్ యూనిట్ తిరగట్లేదు, అది మాత్రం చూశా."

"అంటే ఏసీ నడవట్లేదా?"

"ఆగిపోయుంది మేడమ్. మళ్ళీ పాడైనట్టుంది, ఇంకో పిలుపు వస్తుందిలే అని సంతోషపడ్డా కూడా."

ఇంత నీచమైన సంతోషాన్ని ఎవరూ కల్పించి చెప్పరు. వీడు నిజమే చెప్తున్నాడని నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

"పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు అయిపోయాయా మేడమ్? ఇటొచ్చారు!"

ఈ గొంతు ఇన్‌స్పెక్టర్‌ది. స్టేషన్లో అందరూ చాటుగా మీసాలాయన అంటారు. నేనంటే ఆయనకు పడదు, ఆయనంటే నాకూ అంతంత మాత్రమే.

"ఐదింటికి ఏసీ నడవట్లేదని ఇతను అంటున్నాడు," అన్నాను.

"అనక ఏం చేస్తాడు! ఏసీ రాత్రంతా నడిచింది. తమ్ముడు తలుపు తీసేసరికి గది మంచుగడ్డలా ఉంది. శవం అంత చలిలో ఎంత వేగంగా చల్లబడుతుందో లెక్కగట్టి, ప్రాణం పోయింది నాలుగు ఐదు మధ్యన అని డాక్టర్ చెప్పాడు. ఆ టైముకి అక్కడున్నది ఎవరు? వీడు. ఇంకేం కావాలి మీకు?"

"వీడి మీద మీకు వేరే కోపమేదో ఉన్నట్టుంది."

"ఉండదా మరి! మొన్న రాత్రి మా ఇంటికీ వచ్చాడు. తొమ్మిదింటికి, చేతిలో గేజ్ కూడా లేకుండా, ఏసీ విప్పి కూర్చున్నవాడు అర్ధరాత్రి దాటితే గానీ కదల్లేదు. నేను పక్కనే టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను. డబ్బు పోయింది, నిద్ర పోయింది, తెల్లారేసరికి మళ్ళీ వేడిగాలి!"

నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. "గది ఒక్కసారి చూడనిస్తారా?"

"చూడండి. నేనూ వస్తాను. మీ ముఖం ఎలా మాడుతుందో నేనూ చూడాలిగా," అంటూ జీపు తాళం తీసుకున్నాడు.

తలుపు తీసింది హెడ్మాస్టరమ్మ మరదలు. సన్నగా, నెమ్మదిగా, నోట్లో నాలుక లేని మనిషిలా ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. భర్త మార్చురీకి వెళ్ళాడట. కింది వాటాలోకి అడుగు పెట్టగానే ఉడికిపోయాను. కిటికీ ఒక్కటే, అదీ ఎదురింటి గోడకి. ఫ్యాను తిరుగుతోంది గానీ ఆ గాలిని ఆ గదిలోనే అటూ ఇటూ నెడుతోందంతే. మంచం పక్క గోడ మీద బూజు నల్లగా పాకింది.

లాకప్ ఊచల తుప్పు చేతికి అంటుకుంటే కడుక్కుందామని పంపు దగ్గరికి వెళ్ళాను. ఎంత రుద్దినా సబ్బు నురగ రాదే!

"మా బోరు నీళ్ళు అంతేనక్కా, వట్టి ఉప్పు. సబ్బు అరగడమే గానీ నురగ కంటికి కనబడదు," అంది మరదలు తువ్వాలు అందిస్తూ. "టీ పెట్టనా?"

"నాకు వద్దు, షుగరు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నాకివ్వమ్మా, పంచదార దండిగా వెయ్యి. ఈలోగా ఒక్క మాట చెప్పు. ఆ రాత్రి మీ ఆయన ఎక్కడున్నాడు?"

"పంపుహౌస్‌లో నైట్ డ్యూటీ. వదినతో కలిసి భోంచేసి, తొమ్మిదింటికల్లా వెళ్ళిపోయారు. పొద్దున ఆరింటికి వచ్చారు. వదిన ఇంకా లేవలేదు, చూడండని నేనే పైకి పంపా."

"రాత్రంతా నలుగురి మధ్య డ్యూటీలోనే ఉన్నాడు. మేం విచారించాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఏసీ నడుస్తోందని నీకెలా తెలుసమ్మా?"

"ఔట్‌డోర్ మోత మా నెత్తి మీదే కదక్కా. రాత్రంతా వింటూనే ఉన్నా," అని ఆవిడ వంటగదిలోకి వెళ్ళింది.

మేం మేడ ఎక్కాం. ఇన్‌స్పెక్టర్ సీలు తీశాడు. గది బడి ఆఫీసు గదిలా పొందిగ్గా ఉంది. ఒక మంచం, ఒక బల్ల, బల్ల మీద పాలగ్లాసు మూత, ఖాళీ అయిన నిద్రమాత్రల అట్ట. రోజూ పడుకునేముందు పాలు తాగి ఒక మాత్ర వేసుకునేదట. స్విచ్చుల పక్కన గుండ్రటి అక్షరాలతో ఆవిడే రాసి అంటించిన చీటీ ఉంది: "గది విడిచి వెళ్ళువారు ఏసీ కట్టివేయవలెను." ఒంటరిగా ఉండే గదిలో కూడా పాఠం మానలేదు పంతులమ్మ.

తలెత్తి ఏసీ చూశాను. గాలి వచ్చే రెక్క కిందికి వంగి, మంచం పక్కనున్న ఖాళీ గచ్చు వైపు తిరిగి ఉంది.

"దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదు. నిన్నటి ఫోటోల్లోనూ అలాగే ఉంది."

మరదలు టీ కప్పుతో గుమ్మంలోకి వచ్చింది. "మీ వదినకి గాలి ఎటు పెట్టుకోవడం అలవాటు?" అన్నాను.

"పైకేనక్కా. ఒంటికి తగిలితే ముక్కు దిబ్బడేసేది," అని కప్పు నా చేతికిచ్చి వెళ్ళిపోయింది.

వంగి ఆ గచ్చు చూశాను. పొడవాటి నల్ల వెంట్రుక ఒకటి దొరికింది. హెడ్మాస్టరమ్మది తెల్లటి కురచ జుట్టు. ఇన్‌స్పెక్టర్ పెదవి విరిచాడు. "మరదలు రోజూ ఇల్లు తుడుస్తుంది మేడమ్. ఆవిడ జుట్టు రాలదా?" ఆ మాటా నిజమే. కాగితంలో మడిచి సంచీలో వేసుకున్నాను.

ఆయన బాల్కనీ తలుపు తోశాడు. "ఇక మీరు చూడాల్సింది ఇక్కడుంది."

ఔట్‌డోర్ యూనిట్ పక్కన ఏసీ నీళ్ళ పైపు, దాని కింద బకెట్. బకెట్ అంచుదాకా నిండి ఉంది.

"రోజూ ఈ నీళ్ళతోనే ఇల్లు తుడుస్తారట. ఏసీ రాత్రంతా నడవకపోతే ఇన్ని నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి మేడమ్? మీ మెకానిక్ ఏడ్చి నింపాడా?" ఫోన్ తీసి నిన్నటి ఫోటో చూపించాడు. అందులోనూ బకెట్ నిండుగానే ఉంది. "మీకు తెలిసే ఉంటుంది, ఈ ఉక్కలో ఏసీ ఒక్క రాత్రి నడిస్తే బకెట్ నిండుతుంది."

నాకెందుకు తెలియదు! రోజూ పొద్దున నడుం పట్టుకుని మోసేది నేనేగా. నేను ఆశపెట్టుకుని వచ్చింది ఈ బకెట్ మీదే. ఖాళీగా ఉంటుందని లెక్కేసుకుని వచ్చాను. ఆ ముసలావిడకి ఏం చెప్పాలి? నీ అల్లుడు అబద్ధమే చెప్పాడని చెప్పాలా?

ఏం తోచక బకెట్లో చెయ్యి ముంచాను. వేళ్ళు ఒకదానికొకటి రాసుకుంటే గరుగ్గా తగిలింది. మళ్ళీ ముంచి చూశాను. మా ఇంట్లో నేను తల రుద్దుకునేది ఏసీ నీళ్ళతోనే. అవి వాననీళ్ళలా మెత్తగా ఉంటాయి. కాస్త సబ్బు రాస్తే చాలు, నురగ మోచేతిదాకా పొంగుతుంది.

"ఒక సబ్బు తెప్పించండి."

"మేడమ్, స్నానం చేసే వేళా ఇది?"

"తెప్పించండి ఇన్‌స్పెక్టర్ గారూ! మీకు దణ్ణం పెడతాను."

గొణుక్కుంటూ గదికి ఆనుకున్న బాత్‌రూంలోంచి ఆయనే తెచ్చాడు. బకెట్లో నీళ్ళతో సబ్బు రుద్దాను. తెల్లటి జిడ్డు తేలింది గానీ నురగ రాలేదు. లేచి గదిలోకి వెళ్ళి ఏసీ వేశాను. పైపు బకెట్లోంచి తప్పించి దాని నోటికి ఒక మగ్గు పెట్టాను.

"ఇప్పుడేం చేస్తున్నారు?"

"కాసేపు ఓపిక పట్టండి. పొయ్యేదేముంది?"

"నాకు కోర్టు ఉంది."

"ఆ మెకానిక్‌కీ ఉంది."

చల్లారిపోతున్న టీ రెండు గుక్కల్లో తాగేశాను. అంత పంచదార వేసినా అడుగున ఏదో చేదు తగిలింది. పైపు ముందు ఒక్కో చుక్కా రాల్చింది, తర్వాత సన్నటి ధార కట్టింది. గుక్కెడు నీళ్ళు పట్టగానే అదే సబ్బు ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చాను. "ఈసారి మీరే రుద్దండి."

ఆయన రెండు చేతులూ నురగతో నిండిపోయాయి. ఆ చేతుల వంకా బకెట్ వంకా మార్చి మార్చి చూశాడు.

"బకెట్లో ఉన్నవి ఏసీ నీళ్ళు కావు," అన్నాను. "బోరు నీళ్ళు. ఎవరో పంపు తిప్పి నింపారు. ఏసీ రాత్రంతా నడిచిందని మనం నమ్మాలని. అంటే అది నడవలేదు. గది రాత్రంతా ఉక్కగానే ఉంది. ఉక్కలో శవం అంత త్వరగా చల్లబడదు. మీ డాక్టర్‌ని మళ్ళీ లెక్కగట్టమనండి."

ఇన్‌స్పెక్టర్ చేతులు తుడుచుకోకుండానే డాక్టర్‌కి ఫోన్ చేశాడు. ఇటువైపు "ఊఁ" అనడం తప్ప ఏమీ వినబడలేదు. ఫోన్ పెట్టేసేసరికి మీసం మీద నురగ అంటుకుని ఉంది.

"గదిలో ఏసీ లేకపోతే పదీ పదకొండు మధ్యనే పోయి ఉంటుందట."

"రాత్రి పదీ పదకొండు మధ్యన మెకానిక్ ఎక్కడున్నాడు సార్?"

ఆయన చేతులకున్న నురగ ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"చెప్పండి సార్. కోర్టులో ఎలాగూ చెప్పాలిగా."

"మా ఇంట్లో," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. "నా టార్చిలైటు కింద."

గెలిచినప్పుడు వెక్కిరించకూడదని మా నాన్న చెప్పేవాడు. నేనెప్పుడూ వినలేదు. "మరి ఆ రాత్రి ఇచ్చిన డబ్బుకి కాస్త ఫలితం దక్కినట్టే!" అన్నాను.

ఆయన నా వైపు కొరకొరా చూశాడు గానీ, ఒప్పుకోవాలి, మనిషి మొండివాడే గానీ దుర్మార్గుడు కాదు. "డాక్టర్ చేత రాయించుకుని, సంతకం పట్టుకుని నేరుగా కోర్టుకు వెళ్తాను. బకెట్ సీలు చేయడానికి కానిస్టేబుల్‌ని పంపిస్తా. అంతదాకా అది మీ పూచీ. ఈ నీళ్ళు లేకపోతే నా మాట జడ్జి వినడు, మీ మాట అసలే వినడు." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "తమ్ముడు ఎందుకు అబద్ధం చెప్పినట్టు?"

"చెప్పలేదు. ఆరున్నరకు గది నిజంగానే చల్లగా ఉంది."

ఆయన తల గోక్కుంటూ దిగిపోయాడు. జీపు శబ్దం దూరమైంది. నా తాగునీళ్ళ సీసా ఖాళీ చేసి బకెట్లోంచి కొన్ని నీళ్ళు పట్టి సంచీలో దాచాను. అది నా పాత జాగ్రత్త.

అప్పుడు మంచం అంచున కూర్చుని ఆలోచించడం మొదలుపెట్టాను. ఐదింటికి ఆగిపోయున్న ఏసీ ఆరున్నరకు గదిని మంచు చేసింది. అంటే ఐదు దాటాక ఎవరో వేశారు. ఆ వేళకి తమ్ముడు పంపుహౌస్‌లో ఉన్నాడు. రాత్రంతా మోత విన్నానని చెప్పింది ఒక్కరే. రోజూ ఆ బకెట్ ఎత్తే మనిషికి గాక, అది నిండాలని ఇంకెవరికి తోస్తుంది? డబ్బులు కిందే ఇచ్చేవాళ్ళని మెకానిక్ అన్నాడు. పద్దెనిమిది వేలు మేడ దిగాయి, ఏడు వేలే వాడికి అందాయి. హెడ్మాస్టరమ్మ అరుపులు ఆపి చూస్తూ ఉండిపోయింది అందుకే!

లేవబోయాను. మోకాళ్ళు మాట వినలేదు. ఎండలో తిరిగిన అలసట అనుకున్నాను. తల కూడా దిమ్మెక్కినట్టుంది.

తలుపు మూసుకున్న చప్పుడైంది. గడియ కూడా పడింది. మరదలు నిలబడి ఉంది.

"టీ చేదుగా ఉందా అక్కా?"

బల్ల మీద ఖాళీ మాత్రల అట్ట నా కళ్ళ ముందు రెండుగా కనబడింది. కేక వెయ్యబోతే నాలుక మడత పడింది. వేసినా ఔట్‌డోర్ మోతలో ఎవరికి వినబడుతుంది?

ఆవిడ నన్ను దాటుకుని బాల్కనీలోకి వెళ్ళింది. బకెట్ రెండు చేతులా ఎత్తి, తొట్టె కడిగినంత తాపీగా, నీళ్ళన్నీ తూములో గుమ్మరించింది. తిరిగొచ్చి ఏసీ కింద, గాలి తగిలే ఆ గచ్చు మీద కూర్చుంది.

"పదకొండేళ్ళక్కా. కింద ఆ గదిలో పదకొండు వేసవులు. ఒంట్లో నీరంతా చెమటకే పోయేది. మా నెత్తి మీద ఈ మోత వింటూ పడుకునేదాన్ని. ఇక్కడ తుడవడానికి వస్తే ఆ కాసేపే చల్లదనం. మాకూ ఒకటి కొనుక్కుందామని కొంచెం కొంచెం దాచా. తప్పే. ఆ రాత్రి లెక్కలన్నీ చూసుకుని, నన్ను పాలు తెమ్మంటూ వదిన అంది, పొద్దున తమ్ముడు రాగానే అంతా చెప్తాను, నువ్వు ఇంట్లో ఉండవు, అని."

"మాత్రలు... పాలల్లో..." అన్నాను. ఆ గొంతు నాది కానట్టుంది.

"కొన్ని పాలల్లో. మీరు ఏసీ మోత గురించి అడిగారని మిగిలినవి టీలో. వదిన నిద్రపోయాక దిండు పెట్టా. తర్వాత కిందికెళ్ళి పడుకుంటే నిద్ర పట్టదే! ఉక్క. తెల్లారుతుండగా పైకొచ్చి ఏసీ వేసి, ఇదిగో ఇక్కడే పడుకున్నా. గాలి నా వైపు తిప్పుకున్నా. ఎంత హాయిగా ఉందో తెలుసా అక్కా? గంటసేపు ఒళ్ళు తెలియలేదు." ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. "తర్వాత ఆయన వచ్చే వేళయింది. ఏసీ ఎవరు వేశారంటే ఏం చెప్పను? రాత్రంతా నడిచిందన్నా. నడిస్తే బకెట్ నిండాలి కదా, నింపా. ఆ మెకానిక్ వచ్చాడనే నాకు తెలియదు. వాడి మీద పడుతుందని అనుకోలేదు."

"వాడికి... పిల్లలు..."

"తెలుసక్కా," అంది మెల్లగా. లేచి నా భుజాలు పట్టుకుని మంచం మీదికి వాల్చింది. నా సంచీ కాలికి తగిలితే పక్కకు జరిపింది. లోపల సీసా ఉందని ఆవిడకు తెలియదు. ఆ సంగతి చెప్పడానికి నేను మిగలాలి కదా అనుకున్నాను. రెప్పలు ఎత్తలేకపోతున్నాను. చల్లటి గాలి ముఖానికి తగులుతోంది.

"ఆ చీటీ చూశారా?" అంది మరదలు. "మొన్న వదిన దగ్గర్నుంచి దిగేటప్పుడు కూడా మర్చిపోలేదు నేను. అంత పని చేసి కూడా ఏసీ కట్టేసే వెళ్ళాను. అంత అలవాటు చేసింది."

తల కింది దిండు ఎవరో నెమ్మదిగా లాగుతున్నట్టు తెలిసింది.

"పడుకోండక్కా. వెళ్ళేటప్పుడు నేనే ఏసీ కట్టేస్తాలే."